నేను చెరిపిన చుక్కలు

మా అమ్మాయి పుస్తకాలు దిద్దుతుంది. రాసేది ఒకరు, అచ్చువేసేది ఇంకొకరు. మధ్యలో కూర్చుని తప్పులు పట్టేది మా అమ్మాయి. ఒక ఆఫీసని లేదు, ఒక యజమాని అని లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల పని ఇంటికి తెచ్చుకుంటుంది. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, మెడ వంచే దీపం, డబ్బాలో ఎర్ర పెన్నులు, పెన్సిళ్లు, ఒక రబ్బరు. అంతే ఆమె ఆఫీసు.

ఇది మొదలై రెండున్నరేళ్లయింది. ఈ రెండున్నరేళ్లలో నేను నిశ్చింతగా అన్నం తిన్న రోజు లేదు. పని రాకపోతే ఎలాగని భయం. వస్తే కళ్లు పోతాయేమోనని భయం. రెండు పనులు ఒకేసారి వస్తే ఒకదానిలో తప్పు పోతుందేమోనని భయం. మా పైఇంట్లో ఉండే వదిన నన్ను చూసి నవ్వుతుంది. గొడుగు తీసుకెళ్తే పిడుగు పడుతుందనీ, తీసుకెళ్లకపోతే తడిసి జ్వరమొస్తుందనీ భయపడే మనిషిని నన్నొక్కదాన్నే చూసిందట. ఆమె నవ్వితే నవ్వనీ. పిడుగులు పడటం లేదా ఏమిటి లోకంలో?

నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. అయినా అమ్మాయి పనిలో నాకూ రెండు పనులున్నాయి. మొదటిది చదవటం. రచయిత రాసిన కాగితాలు నేను పట్టుకుని పైకి చదువుతాను, ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫు కాగితాల మీద అమ్మాయి వేలు పెట్టి వెంట వస్తుంది. కామా ఉంటే కామా అని, పేరా మారితే పేరా అని చెప్పాలి. రెండోది చెరపటం. అమ్మాయి ముందు పెన్సిల్‌తో చదువుతుంది. అనుమానం వచ్చినచోట గీత పెడుతుంది, పక్కన ప్రశ్న గుర్తు వేస్తుంది. అనుమానం తీరాక ఎర్రసిరాతో దిద్దుతుంది. ఎర్రది ప్రెస్సు వాళ్ల కోసం, పెన్సిల్‌ది తన కోసం. కాగితాలు ప్రెస్సుకు వెళ్లేముందు పెన్సిల్ అనేది కనపడకూడదు. కనపడితే ఏది దిద్దాలో ఏది వదలాలో వాళ్లకు తెలియదు. ఆ రబ్బరు పని నాది. కాగితం చిరగకుండా, ఎర్రసిరా అలుక్కోకుండా, నెమ్మదిగా చెరిపి పొట్టు ఊదేసేదాన్ని. నేను చెరిపిన కాగితం కడిగిన పళ్లెంలా ఉంటుందని అమ్మాయి అనేది. ఆ మాటకు నేను లోపల్లోపల పొంగిపోయేదాన్ని.

ఈసారి వచ్చినది పిల్లల డాక్టరమ్మ రాసిన పుస్తకం. ఇళ్లలో పిల్లలకు జబ్బు చేస్తే తల్లులు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పే నూట అరవై పేజీల పుస్తకం. దాన్ని చదివి వినిపించిన పదిరోజులూ నాకు ప్రతి జబ్బూ ఉన్నట్టే అనిపించింది. కోరింత దగ్గు పాఠం చదివిన పూట దగ్గాను కూడా. నువ్వు పిల్లవి కాదు కదమ్మా అని అమ్మాయి నవ్వింది.

మంగళవారం పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది. అమ్మాయి అడగాల్సిన అనుమానాలన్నీ పక్కన రాసుకుని ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాగితాలు మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్కటే అడుగుతూ గుర్తులు పెడుతోంది. నేను ఆ పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. దగ్గు సిరప్ గురించిన వాక్యం ఒకటి రెండు చోట్ల వచ్చిందని, నలభై నాలుగో పేజీలో ఉంది కాబట్టి నలభై ఆరులో కొట్టేశానని అమ్మాయి చెప్పింది. డాక్టరమ్మ గొంతు ఫోనులోంచి నాకూ వినపడింది.

"పుస్తకం మొత్తం చదివే తల్లి ఎక్కడుంటుందమ్మా? పిల్లాడు దగ్గుతుంటే ఒక్క పేజీ తెరుస్తుంది. ఏ పేజీ తెరిచినా ఆ మాట ఉండాలి. ఉంచెయ్యి."

ఎంత బాగా చెప్పింది అనుకుని నేను తువ్వాలు మడతపెట్టాను. అమ్మాయి సరేనండీ అంటూ చేతిలో ఉన్నదానితో కాగితం మీద ఏదో పెట్టింది. చేతిలో ఏముందో నేను చూడలేదు.

బుధవారం సాయంత్రం ప్రెస్సు మనిషి వచ్చి వాకిట్లో నిలబడే వేళకు నేను రబ్బరు పని ముగించాను. అమ్మాయి తిరిగి చూసుకునే తీరిక లేదు. మర్నాడు ఆమెకు ఒక పెద్ద ప్రచురణ సంస్థలో పరీక్ష. మూడు గంటలు ప్రూఫు దిద్దే పరీక్ష, దాని తర్వాత ఇంటర్వ్యూ. గెలిస్తే ఏడాది పొడవునా వాళ్ల పుస్తకాలు ఈమెకే వస్తాయి. గురువారం ఎనిమిదింటికి బయల్దేరుతూ, ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారట, నాకు ఫోన్ చేసి కంగారుపడకు అని రెండుసార్లు చెప్పి వెళ్లింది.

ఆమె వెళ్లాక బల్ల తుడవడం మొదలుపెట్టాను. బల్లపైన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. పని కొత్తలో అమ్మాయి తన చేత్తో రాసుకున్న గుర్తుల పట్టిక. దేనికి ఏ గుర్తు పెట్టాలో, దాని అర్థమేమిటో అందులో ఉంటుంది. రెండున్నరేళ్లుగా దాని దుమ్ము దులుపుతున్నాను గాని ఏనాడూ చదవలేదు. అది ఆమె విద్య, నాకెందుకు అనుకున్నాను. ఆ పొద్దున దాని ఒక మూల ఊడి వేలాడుతోంది. అంటిద్దామని బొటనవేలితో నొక్కిపట్టాను. నా వేలి పక్కనే ఉన్న వరుస కంటపడింది. కొట్టేసిన మాటల కింద చుక్కలు పెడితే కొట్టివేత రద్దయినట్టు, ఉన్నది ఉన్నట్టే ఉంచాలి అని రాసి ఉంది.

చుక్కలు.

నిన్న సాయంత్రం ఒక ఎర్రగీత కింద వరసగా చుక్కలున్నాయి. పెన్సిల్ చుక్కలు. ఫోన్‌లో మాట్లాడుతూ ఊరికే పొడిచి ఉంటుందనుకున్నాను. ఫోన్ చేతిలో ఉంటే ఎవరైనా ఏదో ఒకటి గీకుతూనే ఉంటారు కదా. గట్టిగా నొక్కి పెట్టిన చుక్కలు, ఒక పట్టాన పోలేదు. రెండుసార్లు రుద్ది మరీ చెరిపాను.

కుర్చీలో కూలబడ్డాను. ఆ చుక్కల మీదున్న వాక్యం నేను పైకి చదివినదే కాబట్టి నాకు బాగా గుర్తుంది. ఈ సిరప్ రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఏ పేజీ తెరిచినా ఉండాలని డాక్టరమ్మ అన్న మాట అదే. చుక్కలు పోయాక అక్కడ మిగిలింది ఎర్రగీత ఒక్కటే. ఎర్రగీత ఉంటే ప్రెస్సు వాళ్లు వాక్యం తీసేస్తారు. తీసేసి, ఈపాటికి అచ్చు వేస్తుంటారు.

అమ్మాయికి ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. చెయ్యొద్దని చెప్పిందని తెలుసు, పలకదని తెలుసు, అయినా వేళ్లు ఆగలేదు. పైకి వెళ్లి వదినకు చెప్పాను. ఆమె మిషన్ మీద ఏదో కుడుతోంది, కాలు ఆపకుండానే వింది.

"నీకిది అనుమానమా, నిజమా?"

"అనుమానమే. కానీ చెరిపింది నేనే వదినా."

"మొన్న గ్యాస్ కట్టెయ్యలేదని సగం దారి నుంచి వెనక్కొచ్చావు. కట్టేసే ఉంది. ఇదీ అంతే. మధ్యాహ్నానికి పిల్ల వస్తుంది, ఆగు."

ఆమె చెప్పింది సబబే. నా భయాలు నూటికి తొంభై తొమ్మిది ఉత్తవే. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మెట్లు దిగుతుంటే నా కళ్ల ముందు ఒక ఇల్లు కనపడింది. మాలాంటి ఇల్లే. నాలాంటి మనిషే. చంకలో ఏడాది పిల్ల దగ్గి దగ్గి అలిసిపోయి ఉంది. ఆ తల్లి ఒక చేత్తో పిల్లను పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం తెరిచింది. నలభై ఆరో పేజీ. చెంచా తీసుకుంది. నాలాగే ఎనిమిదో తరగతి చదివిన మనిషి. అచ్చులో ఉన్నదంటే నమ్మే మనిషి. ఇక ఆగలేకపోయాను. చెప్పులు ఏ కాలివి ఏ కాలికి తొడిగానో కూడా చూసుకోకుండా బయటపడ్డాను.

ప్రెస్సు మా ఇంటికి రెండు స్టాపుల అవతల, ఇనుప షట్టర్ల సందులో ఉంది. బస్సు కోసం నిలబడే ఓపిక లేక నడిచాను. దారంతా రెండు భయాలు నన్ను చెరోవైపూ పట్టి లాగాయి. చెప్పకపోతే ఆ పసిదాని సంగతేమిటి? చెబితే నా కూతురి సంగతేమిటి? డాక్టరు రాసిన పుస్తకాన్ని ఇంట్లో తల్లిచేత రబ్బరు పెట్టి చెరిపిస్తుందట అని ఈ సందులో ఒకరంటే చాలు, వారం తిరిగేసరికి ఊళ్లో ఉన్న ప్రెస్సులన్నిటికీ తెలుస్తుంది. ఇంటి దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లకు పేరు తప్ప ఇంకేముంది?

షట్టరు లోపల సిరా వాసన, కిరసనాయిలు వాసన. మెషిన్ చప్పుడు చెవులకు కాదు, పక్కటెముకలకు వినపడుతోంది. ఫోర్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. కళ్లద్దాలు తాడుతో మెడకు వేలాడేసుకునే మనిషి, ఏది చెప్పినా కాస్త వెటకారం కలిపి చెబుతాడు. డాక్టరమ్మ పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడిగాను. పదహారు పేజీలు ఒక ఫారమని, రాత్రంతా నడిపి రెండు ముగించామని, మూడో ఫారం మెషిన్ మీద ఉందని చెప్పాడు. ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది.

నలభై ఆరు అందులోదే. ఒక్క కాగితం చూపించమన్నాను. అతను పొద్దున్నుంచి పడిన దొంతర మీది నుంచి ఒక పెద్ద కాగితం తీసి బల్లమీద పరిచాడు. పేజీలు కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. నలభై ఆరు తలకిందులుగా ఉంది. బల్ల చుట్టూ అవతలికి వెళ్లి, వేలు పెట్టి చదివాను. సిరప్ పేరు ఉంది. ఎన్ని చెంచాలో ఉంది. ఎన్ని పూటలో ఉంది. రెండేళ్లలోపు అన్న మాట లేదు. మళ్లీ చదివాను. లేదు.

జీవితమంతా జరగని వాటికి భయపడిన దాన్ని. జరిగినది కళ్లెదురుగా తడిసిరాతో మెరుస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి మెషిన్ ఆపమన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఫోర్‌మన్ చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ చెప్పాను.

అతను ఆపలేదు, ఓనరును పిలిచాడు. ఆయన టీగ్లాసుతో వచ్చి నేను చెప్పింది విన్నాడు. మా ప్రూఫు కట్ట తెప్పించాడు. నలభై ఆరో పేజీలో ఎర్రగీత నిక్షేపంగా ఉంది, కింద ఏమీ లేదు. తమ తప్పేమీ లేదన్నాడు. నిజమే, లేదు. ఇక్కడ చుక్కలుండేవని ఏమిటి రుజువు అని అడిగాడు. అప్పుడు ఫోర్‌మన్ కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టాడు. వెలుతురు పక్కనుంచి పడేసరికి ఎర్రగీత కింద చిన్న చిన్న గుంటలు వరసగా తేలాయి. పెన్సిల్ పోయింది గాని నొక్కు పోలేదు.

"ఉన్నాయి సార్. శుభ్రంగా చెరిపారు పెద్దమ్మ," అన్నాడు.

ఓనరు గడ్డం గోక్కున్నాడు. ఫారం సగం పైగా అయిపోయిందని, ఇప్పుడు ఆపితే ఆ కాగితమంతా చిత్తేనని అన్నాడు. పైగా ఆపమనటానికి నేనెవరిని? దిద్దినామె చెప్పాలి, లేదా రాసినామె చెప్పాలి. ఆ తర్వాత గొంతు తగ్గించి, నా మంచికే చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ మాట నలభై నాలుగులో ఉందన్నారు కదమ్మా. పుస్తకంలో ఉన్నట్టే లెక్క. మీ అమ్మాయికి చెడ్డపేరు, మాకు ఇబ్బంది. ఎవరూ గమనించరు. ఇంటికెళ్లండి."

ఒక్క నిమిషం, అబద్ధమెందుకు, నా ప్రాణం ఆ మాటవైపు లాగింది. ఇంటికెళ్లి బల్ల తుడిచి, పట్టిక మూల అంటించేస్తే అమ్మాయికి కూడా తెలియదు. పరీక్ష గెలిచి నవ్వుతూ వస్తుంది. నేను గుమ్మం దాకా కదిలాను కూడా. కానీ ఇంటికెళ్లి ఏం చెయ్యాలి? రోజూ పేపరు తెరిచి పిల్లల వార్తలు వెతకాలి. పుస్తకం ఎన్నేళ్లు అమ్ముడైతే అన్నేళ్లు వెతకాలి. అంత భయం నావల్ల కాదు. నా భయాలు నేను మొయ్యగలను గాని అది మొయ్యలేను.

పరిచిన కాగితం మీద, వెనక వరసలో, డాక్టరమ్మ ఆసుపత్రి నంబరు ఉంది. అవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని ప్రతి పాఠం చివరా వేయించింది ఆమె. చేశాను. ఎవరో ఎత్తి, రోగులున్నారు తర్వాత చెయ్యమన్నారు. పుస్తకం గురించి, పిల్లల ప్రాణం గురించి అన్నాను. ఆమె లైన్లోకి వచ్చింది. నేను అన్నీ తలకిందులుగా చెప్పాను. ముందు చుక్కలు, తర్వాత రబ్బరు, ఆ తర్వాత సిరప్. ఆమె మధ్యలో ఆపి, అసలు మీరెవరండీ అని అడిగింది.

"చెరిపినదాన్నండీ," అన్నాను.

అటువైపు ఆమె వెనక ఎవరిదో పసిబిడ్డ ఏడుపు వినపడుతోంది. తర్వాత ఓనరుకు ఫోన్ ఇమ్మంది. ఆయన రెండుసార్లు అలాగేనండీ అన్నాడు, మూడోసారి చెయ్యి పైకెత్తాడు. ఫోర్‌మన్ మెషిన్ ఆపాడు. అంత చప్పుడు ఒక్కసారి ఆగేసరికి నాకు తల తిరిగింది. ఒక కాగితం దొంతర మీద కూర్చోబోతే, దాని మీద కూర్చోకండి అది కవరు కాగితం అని ఫోర్‌మన్ స్టూలు వేశాడు.

ఊపిరి పీల్చుకుంటున్నానో లేదో, ఓనరు ఫోన్ తిరిగి ఇస్తూ, డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగిందన్నాడు. ఆ ఒక్కచోటేనా, ఇంకా చెరిపారా?

తెలియదన్నాను. ఆ ఒక్కటైనా ఎందుకు గుర్తుందంటే, గట్టి చుక్కలు, రెండుసార్లు రుద్దాను కాబట్టి. తేలిక చుక్కలైతే? ఒక్క రుద్దుతో పోయినవైతే? నూట అరవై పేజీలు చెరిపాను. కడిగిన పళ్లెంలా చెరిపాను.

అమ్మాయి అక్కడికి వచ్చేసరికి పన్నెండున్నర. పరీక్ష అయ్యాక, ఇంటర్వ్యూకు ముందు విరామంలో గేటు దగ్గర ఫోన్ తీసుకుంటే నా నుంచి పదకొండు కాల్స్ ఉన్నాయట. నాకేదో అయిపోయిందని వదినకు చేస్తే, మీ అమ్మకేం కాలేదు, ప్రెస్సుకు పోయింది అని చెప్పిందట. ఇంటర్వ్యూ ఏమైందని అడిగాను. అమ్మకు బాగాలేదని చెప్పి వచ్చేశానంది. రేపు రమ్మంటారా అని అడిగాను. తెలియదంది. దాంతో ఆ భయం కూడా వచ్చి నా పక్కన కూర్చుంది.

ఓనరు ఎదురుగానే ఆమెకు మొత్తం చెప్పాను. ఏదీ మింగలేదు. ఆమె నలభై ఆరో పేజీ తీసి, వేలితో ఆ గుంటలు తడిమింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును.

"తప్పు నాదండీ," అని ఓనరుతో అంది. "ప్రెస్సుకు వెళ్లే గుర్తు ఎర్రసిరాతో పెట్టాలి. పెన్ను దూరంగా ఉందని పెన్సిల్‌తో పెట్టాను. తర్వాత మార్చటం మర్చిపోయాను. అమ్మ చెరిపింది నేను చెరపమన్నదే."

చూడకుండా చెరిపింది నేనని, అమ్మాయికేం తెలియదని నేను అడ్డుపడ్డాను. ఓనరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముందు మీరిద్దరూ తేల్చుకోండి, ఈలోగా నేను భోంచేసి వస్తాను అన్నాడు. ఫోర్‌మన్ మొహం అటు తిప్పుకుని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ ఓనరు, తర్వాతి పుస్తకం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఆ మాటకు అర్థం నాకూ తెలుసు, అమ్మాయికీ తెలుసు.

ఆయన వెళ్లాక మెల్లిగా అడిగాను, డాక్టరమ్మ ఆరోజు ఎన్నిచోట్ల ఉంచమందని.

అమ్మాయి కాగితాల కట్ట దగ్గరికి లాక్కుంది. "గుర్తులేదమ్మా. మూడో, నాలుగో. నాకూ గుర్తులేదు."

కిటికీ కింద నేల మీద కూర్చున్నాం. ఒక్కొక్క కాగితం ఏటవాలుగా పట్టాలి. ఎర్రగీత ఉన్న ప్రతిచోటా కింద గుంటలున్నాయేమో చూడాలి. ఆమె కళ్లు పొద్దుటి పరీక్షకే ఎర్రబడి ఉన్నాయి. అందుకని పట్టటం నేను, రాసుకోవటం ఆమె అనుకున్నాం. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాం. అప్పటికే అచ్చయిన రెండు ఫారాల్లో ఏమీ దొరకలేదు. మూడోదాంట్లో ఆ ఒక్కటే. డెబ్భై దాటాం. తొంభై దాటాం. పల్చటి కాగితం వంగిపోతుంటే వెలుతురు దాని మీద నిలవటం లేదు. ఫోర్‌మన్ ఏమీ అనకుండా ఒక అట్టముక్క తెచ్చి కాగితం వెనక ఆనించి వెళ్లాడు.

నూట పద్దెనిమిదో పేజీలో దొరికింది. చుక్కలు సన్నగా, ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. నాకది చెరిపినట్టే గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తులేదు. అదేం వాక్యమని అమ్మాయి అడిగింది. ఎర్రగీత కింది నుంచి కూడబలుక్కుని చదివాను. మూర్ఛ వచ్చిన పిల్లల నోట్లో నీళ్లు పొయ్యకూడదు, కామా, చెంచా పెట్టకూడదు, ఫుల్‌స్టాప్.

చదివాక ఆ కాగితం వదల్లేకపోయాను. నా బొటనవేలు ఆ గుంటల మీదే ఉంది. అమ్మాయి పేజీ నంబరు రాసుకుంది, ఎర్రపెన్ను తీసి, వాక్యం కింద ఒక్కొక్క చుక్కే మళ్లీ పెట్టింది. సిరా ఆరేదాకా ఊదింది. తర్వాత దాన్ని నా వేళ్ల సందుల్లోంచి మెల్లగా లాక్కుని పక్కన బోర్లించింది.

ఇంకా నలభై రెండు పేజీలున్నాయి. కిటికీ వెలుతురు పక్కకు జరుగుతోంది. అమ్మాయి నూట పంతొమ్మిదో కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని ఏటవాలుగా పట్టుకున్నాను.